బాబు కళ్ల సంగతి తర్వాత, ముందు మీ ఇద్దరి రక్త పరీక్ష

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది గుంటూరు. నా వయసు 26. మా మేనత్త కొడుకునే చేసుకున్నాను. మా ఇద్దరివీ నల్లటి కళ్లు, మూడేళ్ల మా బాబువి మాత్రం పిల్లి కళ్లు. 'మన వంశంలో ఎవరికీ లేవే, ఎక్కడి నుంచి వచ్చాయి?' అని చుట్టాలు అంటుంటే మనసుకు కష్టంగా ఉంటోంది. తల్లిదండ్రులకు లేనిది పిల్లలకు ఎలా వస్తుంది? ఇప్పుడు నాకు మళ్లీ ఎనిమిదో వారం. మొదటి నుంచీ రక్తం తక్కువ, మెడికల్ షాపులో ఐరన్ టానిక్ తెచ్చుకుని రెండేళ్లుగా తాగుతున్నాను. పాత రిపోర్టు జతచేశాను. మా వారికీ రక్తం కొంచెం తక్కువే అన్నారు. ఈ బిడ్డకూ అలాంటి కళ్లే వస్తాయా?
- ఒక సోదరి, గుంటూరు

సమాధానం: అమ్మా, మీరు అడిగింది కళ్ల గురించి. నన్ను కంగారు పెట్టింది మాత్రం చివర్లో మీరు మామూలుగా రాసేసిన రక్తం మాట.

ముందు కళ్ల విషయం చెప్పేస్తాను. ప్రతి లక్షణానికీ మనలో రెండు జన్యువులుంటాయి, ఒకటి అమ్మ నుంచి, ఒకటి నాన్న నుంచి. ఒక్కటి ఉన్నా పైకి కనిపించేది బహిర్గత లక్షణం, రెండూ అలాంటివే అయితే తప్ప కనిపించనిది అంతర్గత లక్షణం. పదో తరగతిలో మెండెల్ బఠానీ మొక్కల పాఠం గుర్తుండే ఉంటుంది. పొడవు మొక్కల్లో దాగిన పొట్టి గుణం తర్వాతి తరంలో బయటపడింది కదా, ఇదీ అంతే. కళ్ల రంగు వెనక చాలా జన్యువులున్నాయి కాబట్టి లెక్క బఠానీలంత తేలిక కాదు. కానీ నల్ల కళ్ల దంపతులకు పిల్లి కళ్ల బిడ్డ పుట్టడంలో వింతేమీ లేదు. అమ్మది ఏ గ్రూపు, నాన్నది బి గ్రూపు అయినా బిడ్డకు ఓ గ్రూపు రావచ్చు. ఇలాంటివి పట్టుకుని తల్లిని అనుమానంగా చూడటం అన్యాయం. ఈ ముక్క మీ ఇంట్లో పెద్దవాళ్లకు చదివి వినిపించండి. బాబు వెలుతురులో కళ్లు తెరవలేకపోయినా, కళ్లు అటూ ఇటూ ఊగుతున్నా, పిలిస్తే సరిగ్గా వినిపించుకోకపోయినా డాక్టరుకు చూపించండి. అవేవీ లేకపోతే దిగులక్కర్లేదు. రాబోయే బిడ్డ కళ్ల రంగు ఎవరూ ముందుగా చెప్పలేరు.

ఇక మీ రిపోర్టు. అందులో హిమోగ్లోబిన్ 10.4 అని నల్లగా అచ్చయి ఉంది. అందరూ ఆ అంకె చూసి 'రక్తం తక్కువ' అనేసి కాగితం మడిచి పెడతారు. దాని కింద ఇంకో రెండు గీతలు చూడండి. ఎంసీవీ 64, అంటే ఎర్ర కణాలు బాగా చిన్నగా ఉన్నాయి, 80 పైన ఉండాలి. ఎర్ర కణాల సంఖ్య 54 లక్షలు, అంటే అది తగ్గలేదు. మామూలు ఐరన్ లోపంలో కణాలు చిన్నవి కావడంతో పాటు సంఖ్య కూడా సాధారణంగా తగ్గుతుంది. చిన్న కణాలు, ఎక్కువ సంఖ్య, పైగా టానిక్ తాగినా 'ఇంకా తక్కువే' అనడం. ఇవన్నీ కలిపి చూస్తే తలసీమియా మైనర్ ఉందేమో అని అనుమానించాలి. తలసీమియా అంటే హిమోగ్లోబిన్ సరిగ్గా తయారు కాని, వంశపారంపర్యంగా వచ్చే రక్త జబ్బు, అందులో తేలికపాటిది మైనర్. ఉందని అనడం లేదు, మిమ్మల్ని చూడకుండా ఒక పాత కాగితం మీద నిర్ధారణ చేయకూడదు. కానీ వదిలేసే సంగతి కాదు.

మైనర్ ఉన్నవాళ్లు దాదాపు మామూలుగానే జీవిస్తారు. లోపం ఉన్న జన్యువు ఒక్కటే కాబట్టి రెండోది పని నడిపిస్తుంది. చిక్కంతా భార్యాభర్తలిద్దరికీ ఉంటేనే. మీ తాతయ్యలోనో నాయనమ్మలోనో అలాంటి జన్యువు ఒకటి ఉంటే, మీ నాన్నగారి ద్వారా మీకు, మేనత్త ద్వారా మీ వారికి అదే అందే వీలుంది. మేనరికంలో భయం ఇదే. బయటి సంబంధాల్లోనూ రావచ్చు, కాకపోతే దగ్గరి చుట్టరికంలో అవకాశం పెరుగుతుంది. మీ వారికీ రక్తం తక్కువ అన్నారు, అందుకే నా తొందర.

ఇద్దరికీ ఉంటే ప్రతి కాన్పులోనూ బిడ్డకు మేజర్, అంటే రెండు జన్యువుల్లోనూ లోపం ఉండే తీవ్రమైన తలసీమియా, వచ్చే అవకాశం 25 శాతం. నలుగురిలో ఒకరికి వస్తుంది, పెద్దవాడు బాగున్నాడు కాబట్టి గండం గడిచింది అనుకోకండి. ప్రతిసారీ లెక్క మళ్లీ మొదటికే. మేజర్ బిడ్డ పుట్టినప్పుడు ఎర్రగా, బొద్దుగానే ఉంటుంది. ఆరు నెలలు దాటాక పాలిపోవడం మొదలవుతుంది. ఆ తర్వాత మూడు నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాలి, ఒంట్లో పేరుకునే ఐరన్ తీసేసే మందులు వాడాలి. ఎనిమిది నెలల పాపను ఒళ్లో వేసుకుని వచ్చిన ఒక తల్లి చేతిలో మీలాంటి పాత రిపోర్టే చూశాను. గర్భంలో ఉన్నప్పుడే ఎవరైనా ఎంసీవీ గీత చదివి ఉంటే బాగుండునని ఇప్పటికీ బాధపడతాను.

రెండేళ్లుగా ఎవరినీ అడగకుండా టానిక్ తాగడం పొరపాటేనమ్మా. ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పే ఫెరిటిన్ పరీక్ష చేయించకుండా ఐరన్ లోపం ఉందని మీకెలా తెలుసు? లోపం లేకుండా ఏళ్ల తరబడి తీసుకుంటే ఐరన్ ఒంట్లో పేరుకోవచ్చు. అంతకన్నా పెద్ద నష్టం, మందు వాడుతున్నాం కదా అనే ధీమాలో అసలు జబ్బు మరుగున పడటం. అలాగని ఇది చదివి గర్భంలో ఇస్తున్న ఐరన్, ఫోలిక్ యాసిడ్ మాత్రలు మానేయకండి. మైనర్ ఉన్నవాళ్లకూ ఐరన్ లోపం ఉండొచ్చు. ఏది ఎంత వాడాలో ఫెరిటిన్ చూసి మీ గైనకాలజిస్టు చెబుతారు.

హిమోగ్లోబిన్ హెచ్‌పీఎల్‌సీ అనే పరీక్ష మీ ఇద్దరికీ ఒకే రోజు చేయించండి. రక్తంలో ఏ రకం హిమోగ్లోబిన్ ఎంత ఉందో అది చెబుతుంది. మామూలుగా ముందు భార్యకు చేసి, అవసరమైతేనే భర్తకు చేస్తారు, మీకు అంత టైం లేదు. అందులో ఏ2 అనే రకం హిమోగ్లోబిన్ 3.5 శాతం దాటితే మైనర్ అనుమానం బలపడుతుంది. ఐరన్ లోపం కూడా ఉంటే ఆ అంకె తగ్గి కనిపించవచ్చు, కాబట్టి నార్మల్ అని రాసి ఉన్నా రిపోర్టు డాక్టరుకు చూపించాల్సిందే. ఇద్దరికీ ఉందని తేలితే 11 నుంచి 13 వారాల మధ్య మాయ నుంచి చిన్న ముక్క తీసి బిడ్డకు ఉందో లేదో చూస్తారు. దానికి ముందు మీ ఇద్దరి జన్యు పరీక్ష రిపోర్టులు రావాలి, వాటికే రోజులు పడతాయి. ఆ వారాలు దాటినా 16వ వారం తర్వాత ఉమ్మనీటి పరీక్ష ఉంది, కానీ అంతదాకా ఆగకండి. ఫలితం వచ్చాక ఏం చేయాలన్నది జెనెటిక్ కౌన్సెలర్‌తో మాట్లాడి మీరిద్దరూ తీసుకోవాల్సిన నిర్ణయం.

హెచ్‌పీఎల్‌సీకి పరగడుపున వెళ్లనక్కర్లేదు. మీ వారు సెలవు దొరకలేదు అంటే ఈ పేజీ చూపించి ఈ వారంలోనే వెంటబెట్టుకెళ్లండి. ఈ మధ్య ఎవరికైనా రక్తం ఎక్కించి ఉంటే ఆ మాట ల్యాబులో ముందే చెప్పండి. పాత రిపోర్టు కూడా పట్టుకెళ్లండి.