కాలేజీలో ఎవరైనా వాడుకోగలిగే టాయిలెట్ కావాలంటే ఎలా అడగాలి?

ట్రాన్స్ విద్యార్థుల కోసం టాయిలెట్ అడిగితే డబ్బుల్లేవని, అమ్మాయిల తల్లిదండ్రులు ఊరుకోరని మేనేజ్‌మెంట్ అంటోందని మీరు రాశారు. నేను లెక్చరర్‌గా ఉన్న కాలేజీలో బిల్డింగ్ కమిటీలో ఇదే పంచాయితీ నడిచింది, అందుకే చెప్తున్నా.

"ట్రాన్స్‌జెండర్ టాయిలెట్" అని బోర్డు పెట్టి విడిగా ఓ గది కట్టమని మాత్రం అడగొద్దు. ఆ తలుపు తీసిన ప్రతిసారీ కారిడార్‌లో ఉన్నవాళ్లందరికీ తాను ట్రాన్స్ అని చెప్పుకున్నట్టే, ఇంట్లో కూడా ఇంకా చెప్పని పిల్లలు ఆ ఛాయలకే పోరు. క్లాసులు అయిపోయేదాకా నీళ్లు తాగకుండా ఉగ్గబట్టుకుని కూర్చునే స్టూడెంట్ ఒకరు మా దగ్గర ఉండేవారు, అలాంటివాళ్లకి ఆ బోర్డు వల్ల ఏం ఉపయోగం?

మేం అడిగింది చాలా మామూలు గది. ఒక్కరే వెళ్లి గడియ పెట్టుకోవాలి, గోడలు పైకప్పు దాకా ఉండాలి, వాష్‌బేసిన్ కూడా లోపలే ఉండాలి, ప్యాడ్లు పడేయడానికి మూత ఉన్న డబ్బా ఉండాలి (ట్రాన్స్ అబ్బాయిల్లో, అంటే పుట్టినప్పుడు అమ్మాయి అని రాసినా అబ్బాయిగా బతికేవాళ్లలో, చాలామందికి నెలసరి వస్తుంది, అబ్బాయిల టాయిలెట్లో ఆ డబ్బా ఎవరు పెడతారు?). బోర్డు మీద "టాయిలెట్, ఎవరైనా వాడుకోవచ్చు" అంటే చాలు. అమ్మాయిల టాయిలెట్లు ఎక్కడివక్కడే ఉంటాయని ముందే చెప్పేయండి, మా దగ్గర తల్లిదండ్రుల గొడవ చాలావరకు అక్కడే చల్లారింది.

డబ్బుల్లేవంటే స్టాఫ్ టాయిలెట్ల వైపు చూపించండి, అవి ఎక్కువగా ఒక్కరే వెళ్లే గదులే, బోర్డు మారిస్తే పని అయిపోతుంది. ఆ గదుల తాళంచెవి వదులుకోవడానికి మాత్రం మా లెక్చరర్లకే మనసు రాలేదు, అది వేరే కథ.

దివ్యాంగుల టాయిలెట్‌కే బోర్డు మార్చేద్దామని ఎవరో ఒకరు అంటారు. అది ఒక్కటే ఉంటే ఒప్పుకోవద్దు, వేరే దారి లేని వీల్‌చైర్ పిల్లలు క్యూలో నిలబడాల్సి వస్తుంది. ముందు అది నిజంగా పనికొస్తోందో లేదో చూడండి. మా దగ్గర అందులో చీపుర్లు, విరిగిన కుర్చీలు ఉండేవి, తాళంచెవి అటెండర్ జేబులో. వీల్‌చైర్ తిరగడానికి 1500 మి.మీ. జాగా, 900 మి.మీ. తలుపు, పట్టుకోవడానికి కడ్డీలు కావాలి. తలుపు బయటికి తెరుచుకోవాలి, లోపల ఎవరైనా పడిపోతే లోపలికి తెరుచుకునే తలుపుని నెట్టడం కష్టం.

చట్టం సంగతి అడిగితే మూడు చాలు. ట్రాన్స్‌జెండర్లకు విడిగా టాయిలెట్లు ఉండాలని 2014 ఏప్రిల్ 15న నల్సా (జాతీయ న్యాయ సేవల సంస్థ) కేసులో సుప్రీంకోర్టు చెప్పింది (మనం విడి గది అడగకపోయినా, వాళ్లకి టాయిలెట్ ఏర్పాటు ఉండాలనడానికి ఇది ఆధారం), సంస్థల్లో వాష్‌రూమ్‌ల ఏర్పాటు రెండేళ్లలో చూడాలని ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల రక్షణ చట్టం కింద వచ్చిన 2020 నియమాలు ప్రభుత్వాలకు చెప్పాయి, క్యాంపస్ దివ్యాంగులు వాడుకునేలా ఉండాలని 2016 దివ్యాంగుల హక్కుల చట్టం చెప్తోంది. ఇవన్నీ వినగానే "ఎక్కడైనా ఉందా?" అంటారు. శామీర్‌పేటలోని నల్సార్ లా యూనివర్సిటీలో 2022లోనే అకడమిక్ బ్లాక్ కింది అంతస్తులో ఒక వాష్‌రూమ్‌ని జెండర్ న్యూట్రల్ (ఆడ, మగ తేడా లేకుండా ఎవరైనా వాడుకునేలా) చేశారని చెప్పండి.

ఒప్పుకున్నాక నోటి మాటతో వదిలేయకండి. ఆ గదికి తాళం వేయకూడదని, ఆయమ్మ క్లీనింగ్ డ్యూటీలో అది కూడా ఉండాలని సర్క్యులర్‌లో రాయించుకోండి.