మెటియోరా వెళ్తున్న మనవరాలికి

చిట్టితల్లీ,

గ్రీస్ వెళ్తున్నావనీ, అక్కడ నిలువు రాతి స్తంభాల మీద కట్టిన మెటియోరా క్రైస్తవ మఠాలకు ఒక్క పూటే పెట్టుకున్నావనీ మీ అమ్మ ఫోనులో చెప్పింది. ఆ పూటను రెండు రోజులు చేసుకో, తల్లీ. మొదటిసారి నేనూ అలాగే హడావిడిగా వెళ్లాను. మూడు మఠాలు ఎక్కి దిగాను కానీ, వాటిని మోస్తున్న రాయిని సరిగా చూడలేదు. మళ్లీ వెళ్లేదాకా ఆ వెలితి తీరలేదు.

అందుకే మొదటి ఉదయం ఏ మఠమూ ఎక్కకు. ఆ రాళ్ల కింద ఉన్న కలంబాక పట్నం నుంచి పక్కనున్న కస్త్రాకి ఊరికి నడిచి వెళ్లి, ఆ రాతి స్తంభాల మొదట్లో అరచేయి ఆనించి చూడు. నున్నటి గులకరాళ్లు తగులుతాయి. కొన్ని రేగిపండంత, కొన్ని కొబ్బరికాయంత. మధ్యలో ఇసుక సిమెంటులా పట్టేసి ఉంటుంది. అచ్చం ఇంటి స్లాబుకు పోసిన కాంక్రీటే! రాళ్లు అంత నునుపుగా ఉన్నాయంటే నీళ్లలో దొర్లి వచ్చాయన్నమాట. కోట్ల ఏళ్ల క్రితం ఒక నది కొండల నుంచి తెచ్చి, నీటి అడుగున పోసిన మేట అది. తర్వాత నేల పైకి లేచింది, నిలువునా పగుళ్లిచ్చింది. వానా గాలీ ఆ పగుళ్లను తొలుచుకుంటూ పోతే మిగిలినవే ఈ స్తంభాలు.

తల ఎత్తితే రాతిలో తొర్రలు కనిపిస్తాయి. మఠాలు కట్టకముందు సన్యాసులు ఉన్నది వాటిలోనే. 14వ శతాబ్దంలో అథనాసియోస్ అనే సన్యాసి శిఖరం మీద పెద్ద మఠాన్ని స్థాపించాడు. నిట్టనిలువు రాయే వాళ్లకు కోటగోడ. 1920లలో మెట్లు చెక్కేదాకా మనుషులు తాడు నిచ్చెనలెక్కి, లేదా వలలో కూర్చుని పైకి వెళ్లేవారు. వర్లాం మఠంలో ఆ తాళ్లు లాగిన బురుజు ఇంకా ఉంది, తప్పకుండా చూడు.

ఒకప్పుడు ఇరవై నాలుగు మఠాలు ఉండేవట, ఇప్పుడు నడుస్తున్నవి ఆరు. వాటిని వారంలో వేర్వేరు రోజుల్లో మూసేస్తారు, ముందే కనుక్కో. మోకాళ్లు దాటే పావడా వేసుకో. మీ అమ్మ కూడా వస్తే, మెట్ల బాధ లేకుండా చిన్న వంతెన మీదుగా వెళ్లే సెయింట్ స్టీఫెన్ మఠానికి తీసుకెళ్లు.

సాయంత్రం ఎండ ఏటవాలుగా పడినప్పుడు రాతిలో అడ్డంగా పొరలు తేలుతాయి. ఒక పొరను కంటితో పట్టుకుని పక్క స్తంభం వైపు చూపు సాగించు. మధ్యలో అంత లోయ ఉన్నా, చాలాచోట్ల అదే పొర అవతల మళ్లీ దొరుకుతుంది.

ఆశీస్సులతో,
తాతయ్య