టెక్ సందేహాలు: జాంగో డాక్యుమెంటేషన్‌లో లోపం కనిపిస్తే ఎవరు దిద్దాలి?

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో నాలుగు జాంగో గురించే ఉన్నాయి. పైథాన్‌తో వెబ్ అప్లికేషన్లు రాయడానికి వాడే ఫ్రేమ్‌వర్క్, అంటే ముందే సిద్ధంగా ఉన్న కోడ్ చట్రం, ఇది. అడిగినవారు వేరైనా విషయం దగ్గరదగ్గరగా ఉండడంతో అన్నింటికీ ఒకేచోట జవాబిస్తున్నాను.

ప్రశ్న: యూట్యూబ్ వీడియో చూస్తూ జాంగోలో కాలేజీ ప్రాజెక్టు చేస్తున్నాను. వీడియోలో లాగౌట్ లింకు నొక్కగానే పని అయిపోయింది. అదే కోడ్ నా దగ్గర 405 ఎర్రర్ చూపిస్తోంది. వచ్చే వారమే రివ్యూ, చాలా టెన్షన్‌గా ఉంది.
– ఇంజినీరింగ్ విద్యార్థిని, విజయనగరం

జవాబు: కంగారు పడకండి. మీరు కోడ్ తప్పు రాయలేదు, ఆ వీడియో తీసినవారూ తప్పు చెప్పలేదు. వాళ్ల జాంగో వెర్షన్ వేరు, మీది వేరు, అంతే.

మామూలు లింకు నొక్కితే బ్రౌజర్ గెట్ రిక్వెస్ట్, అంటే ‘ఈ పేజీ ఇవ్వు’ అనే అభ్యర్థన, పంపుతుంది. ఆ రకం రిక్వెస్ట్‌ను ఇక్కడ ఒప్పుకోనని సర్వర్ చెప్పడమే 405 ఎర్రర్. జాంగోతో వచ్చే లాగౌట్ వ్యూ (లాగౌట్ పని చేసే కోడ్) ఒకప్పుడు గెట్‌కు ఒప్పుకునేది. 2022 ఆగస్టులో వచ్చిన 4.1లో ఈ పద్ధతి మానుకోవాలని హెచ్చరిక పెట్టారు. 2023 డిసెంబరులో వచ్చిన 5.0లో పూర్తిగా తీసేశారు. దానికి కారణం ఉంది. ఎవరో పంపిన లింకు నొక్కినా, పేజీలోని లింకులను బ్రౌజర్ ముందుగానే తెరిచి పెట్టుకున్నా, యూజర్ తనకు తెలియకుండానే లాగౌట్ అయిపోయే ప్రమాదం ఉండేది. ఇప్పుడు ఫారం నింపి పంపినప్పుడు వెళ్లే పోస్ట్ రిక్వెస్ట్ ఒక్కటే పనిచేస్తుంది. కాబట్టి లింకు తీసేసి, పోస్ట్ పద్ధతితో చిన్న ఫారం పెట్టండి. అందులో సీఎస్ఆర్ఎఫ్ టోకెన్ (ఫారం మీ సైటు నుంచే వచ్చిందని రుజువు చేసే రహస్య సంకేతం), ఒక బటన్ ఉంటే చాలు. బటన్ లింకులా కనిపించాలంటే, పేజీ రూపాన్ని దిద్దే సీఎస్ఎస్ ఉండనే ఉంది.

ఇకనుంచి ఏ పాఠం మొదలుపెట్టినా ముందు మీ వెర్షన్ ఎంతో చూసుకోండి. జాంగో అధికారిక డాక్యుమెంటేషన్ ప్రతి వెర్షన్‌కూ విడిగా ఉంటుంది. పేజీలో కింద కుడివైపు వెర్షన్ మార్చుకునే మీట కనిపిస్తుంది. గూగుల్‌లో వెతికి వెళ్తే చాలాసార్లు పాత వెర్షన్ పేజీలో దిగుతాం, అది గమనించం. పాత ప్రాజెక్టును కొత్త వెర్షన్‌కు మార్చేటప్పుడు ఆ వెర్షన్ రిలీజ్ నోట్స్ (అందులో వచ్చిన మార్పుల జాబితా) మొదటి నుంచి చివరి దాకా చదవండి. ఏవి తీసేశారో అందులో స్పష్టంగా రాస్తారు.

ప్రశ్న: నేను టెస్టర్‌ని, జాంగో నేర్చుకుంటున్నాను. డాక్యుమెంటేషన్‌లో ఒకచోట ఒక మెట్టు వదిలేశారనిపించింది. దాని వల్ల ఒక సాయంత్రమంతా ఇరుక్కుపోయాను. నాలాంటివాళ్లు దాన్ని సరిచేయవచ్చా? నా ఇంగ్లిష్ అంత బాగుండదు.
– పాఠకుడు, హైదరాబాద్

జవాబు: తప్పకుండా చేయవచ్చు. నిజానికి ఆ లోపం మీకు కనిపించినట్టు పాత కాపులకు కనిపించదు. పదేళ్లుగా జాంగో వాడుతున్నవారి చేతులు ఆ మెట్టును వాటంతట అవే ఎక్కేస్తాయి. అది పేజీలో లేదన్న సంగతి, అక్కడ తొలిసారి కాలు జారినవారికే తెలుస్తుంది. ఆ సాయంత్రం మీరు ఎక్కడ ఆగిపోయారో, ఏ ఎర్రర్ వచ్చిందో, చివరికి ఏం చేస్తే కదిలిందో ఇవాళే రాసి పెట్టుకోండి. వారం గడిస్తే మీరూ మర్చిపోతారు.

జాంగో డాక్యుమెంటేషన్ ఎక్కడో విడిగా లేదు. కోడ్‌ను పంచుకునే గిట్‌హబ్ సైటులో, జాంగో కోడ్ దాచిన రిపోజిటరీలోనే (భాండారంలోనే) డాక్స్ అనే ఫోల్డర్‌లో మామూలు టెక్స్ట్ ఫైళ్లుగా ఉంటుంది. ముందుగా వెర్షన్ల జాబితాలో ‘డెవ్’ (ఇంకా తయారీలో ఉన్న వెర్షన్) అని ఉన్న పేజీ చూడండి. మీకన్నా ముందు ఎవరైనా దిద్దేసి ఉండవచ్చు. లేదంటే, అక్షర దోషంలాంటి చిన్న సవరణకు టికెట్ (సమస్య నమోదు) అక్కర్లేదు, నేరుగా పుల్ రిక్వెస్ట్, అంటే మీరు చేసిన మార్పును చేర్చుకోమనే అభ్యర్థన, పంపవచ్చు. మీరు చెప్పినట్టు ఒక మెట్టే చేర్చాలంటే మాత్రం, ట్రాక్ అనే వాళ్ల టికెట్ల వ్యవస్థలో ముందు సమస్య రాయడం మంచిది. అది నిజంగా లోపమేనా, మరో పేజీలో ఇప్పటికే చెప్పారా అన్నది అక్కడ తేలుతుంది.

పంపే ముందు మీ కంప్యూటర్‌లో పేజీలను ఒకసారి తయారుచేసి చూసుకోండి. డాక్స్ ఫోల్డర్‌లోని రిక్వైర్‌మెంట్స్ ఫైల్‌తో కావలసినవి ఇన్‌స్టాల్ చేసి, మేక్ హెచ్‌టీఎంఎల్ అనే కమాండ్ ఇస్తే స్ఫింక్స్ అనే సాధనం ఆ టెక్స్ట్ ఫైళ్లను వెబ్ పేజీలుగా మారుస్తుంది. అక్షర దోషాలు పట్టడానికి మేక్ స్పెల్లింగ్ అనే మరో కమాండ్ ఉంది. మనం బడిలో నేర్చుకున్నది బ్రిటిష్ స్పెల్లింగ్. అక్కడ అమెరికన్ పద్ధతి. ఆప్టిమైజ్ లాంటి మాటల చివర ఎస్ బదులు జెడ్ రావాలి.

మీ ఇంగ్లిష్ గురించి ఒక మాట. జాంగో రచనా నియమాల్లో నాకు బాగా నచ్చినది ఒకటుంది: పని కష్టాన్ని తగ్గించి చూపే ‘ఈజీలీ’, ‘సింప్లీ’, ‘జస్ట్’ లాంటి పదాలు వాడవద్దని అందులో రాశారు. ‘సింపుల్‌గా ఇలా చేయండి’ అని చదివి, ఆ పని చేయలేకపోయిన కుర్రాడు లోపం తనలోనే ఉందనుకుంటాడు. అక్కడ కావలసింది పెద్ద పెద్ద మాటలు కాదు. కర్త, కర్మ, క్రియ సరిగ్గా ఉన్న పొట్టి వాక్యాలు మీరు రాయగలరు. మీరు పంపినదాన్ని చూసేవారు మార్పులు అడుగుతారు. రెండు మూడుసార్లు అడగవచ్చు కూడా. నొచ్చుకోకండి, ఏళ్ల అనుభవం ఉన్నవారి కోడ్‌ను కూడా అలాగే చూస్తారు.

ప్రశ్న: మాది పదిమంది ఉన్న చిన్న కంపెనీ. జాంగోతో మేము కట్టిన అప్లికేషన్‌కు డాక్యుమెంటేషన్ ఉంది కానీ ఎవరూ అప్‌డేట్ చేయరు. దీన్ని ఎలా దారిలో పెట్టాలి?
– టీమ్ లీడ్, విశాఖపట్నం

జవాబు: నేను ఒక కంపెనీలో చేరిన కొత్తలో, సెటప్ పేజీలో ఉన్న డేటాబేస్ పేరు అప్పటికే మారిపోయిందని తెలియక రెండు రోజులు పోగొట్టుకున్నాను. అడిగితే పక్క సీటాయన ‘ఆ పేజీ ఎవరూ చూడరు, నన్ను అడగాల్సింది’ అన్నాడు. ఆ మాట ఇప్పటికీ నాకు బాధే. అడగడానికి మొహమాటపడే కొత్తవారి కోసమే కదా ఆ పేజీ ఉన్నది.

జాంగోవారు పాటించే నియమం మీరూ పెట్టుకోండి: కొత్త ఫీచర్‌కు టెస్టులు, డాక్యుమెంటేషన్ రెండూ ఉంటేనే కోడ్ లోపలికి వెళ్తుంది. ఇది జరగాలంటే డాక్యుమెంటేషన్ కోడ్ పక్కనే, అదే రిపోజిటరీలో ఉండాలి. వేరే డ్రైవ్‌లో వర్డ్ ఫైల్‌గా ఉన్నంతకాలం రివ్యూ చేసేవారి కంట పడదు.

పాత పేజీలన్నీ ఒకేసారి దిద్దాలని కూర్చోకండి, ఆ పని ఎప్పటికీ పూర్తికాదు. తప్పని తెలిసిన పేజీని వెంటనే తీసేయండి. తప్పు దారి చూపే పేజీ కన్నా అసలు పేజీ లేకపోవడమే నయం. తర్వాత, కొత్తగా చేరినవారికి సెటప్ పేజీ ఇచ్చి పక్కన కూర్చోండి. వాళ్లు అడిగిన ప్రతి ప్రశ్నా ఆ సాయంత్రానికి పేజీలోకి ఎక్కాలి, వాళ్ల చేతే ఎక్కించండి.

ప్రశ్న: జాంగో అడ్మిన్ పేజీలు (సైటులోని సమాచారాన్ని నిర్వహించే పేజీలు) తెలుగులో కనిపిస్తాయా?
– ప్రభుత్వ పాఠశాల ఉపాధ్యాయుడు, నల్గొండ

జవాబు: కనిపిస్తాయి. జాంగోతో వచ్చే భాషల్లో తెలుగు ఉంది. సెట్టింగ్స్ ఫైల్‌లో లాంగ్వేజ్ కోడ్ దగ్గర ‘ఈఎన్-యూఎస్’ తీసి, ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో ‘టీఈ’ అని పెట్టండి. అనువాదం కాని మాటలు ఇంగ్లిష్‌లోనే వస్తాయి. అలాంటివి కనిపిస్తే రాసి పెట్టుకోండి. జాంగో అనువాదాలు ట్రాన్సిఫెక్స్ అనే వేదికపై జరుగుతాయి. అక్కడ ఖాతా తెరిచి తెలుగు బృందంలో చేరడానికి అభ్యర్థన పెట్టండి. కోడ్ రాయడం రాకపోయినా ఫర్వాలేదు.