తెర మీది రాతను చదివి వినిపించే ఎన్‌వీడీఏ నోట ‘డాబా’ కాస్తా ‘డాక్టర్‌బా’ అవుతోందా?

ఉచ్చారణ మార్చే స్పీచ్ డిక్షనరీలో ‘డా’ను ‘డాక్టర్’గా చదవమన్నారు, కానీ టైప్ ‘ఎనీవేర్’లో (ఎక్కడ కనిపించినా) ఉండిపోయింది. అందుకే డాబా, డాలు అన్నింట్లోనూ డాక్టర్ దూరుతున్నాడు.

టైప్‌ను ‘హోల్ వర్డ్’కు (విడి పదమైతేనే) మార్చుకోమని చాలామంది చెబుతారు. తెలుగులో దాన్ని నమ్మొద్దండి. గుణింతపు గుర్తులను అది అక్షరాలుగా లెక్కించకపోవడం వల్ల పదం ఎక్కడ ముగిసిందో తప్పుగా పోలుస్తుంది. ‘డా’ చివర ఉన్నది దీర్ఘమే కదా.

చుక్కతో కలిపి ఇవ్వడమే మేలు. ఎన్‌వీడీఏ కీతో ఎన్ నొక్కి ప్రిఫరెన్సెస్, స్పీచ్ డిక్షనరీస్, డిఫాల్ట్ డిక్షనరీ తెరవండి. పాత ఎంట్రీ తీసేయండి. యాడ్ నొక్కి ప్యాటర్న్‌లో ‘డా.’, రీప్లేస్‌మెంట్‌లో ‘డాక్టర్’, ఆ వెనకే ఒక ఖాళీ. ఖాళీ మరిచిపోతే, చుక్కను ఆనుకుని టైప్ చేసిన పేరు డాక్టర్‌కు అతుక్కుపోతుంది. టైప్ ‘ఎనీవేర్’లోనే ఉంచి ఓకే చేయండి. ‘వాడా.’ లాంటి వాక్యాంతం ఇంకా దొరికిపోతుంది గానీ, అలాంటివి మామూలుగా ప్రశ్నార్థకంతోనే ముగుస్తాయి.

ముందు టెంపరరీ డిక్షనరీలో పెట్టి వినండి, ఎన్‌వీడీఏ మూయగానే అది పోతుంది. వాయిస్ డిక్షనరీలో పెడితే ఆ ఒక్క గొంతుకే వర్తిస్తుంది. ‘కి.మీ.’, ‘రూ.’ కూడా చుక్కలతోనే ఇవ్వండి.