మిల్లు మూతబడింది... నేను ఉద్యోగం మానెయ్యాలా?

ప్రశ్న: మాది విజయనగరం దగ్గర పల్లె. మా ఆయన పద్దెనిమిదేళ్లు జూట్ మిల్లులో చేశారు. అది మూతబడి ఏడాది దాటింది. నేను పైడిభీమవరం వైపు మందుల కంపెనీలో ప్యాకింగ్‌కి వెళ్తున్నాను. నాలుగింటికి లేచి వంట చేసి బస్సెక్కుతాను. అదే పని చేసే మగవాళ్లకి మాకన్నా ఎక్కువిస్తారు. ఆయన పగలంతా అరుగు మీదే. నిద్ర లేదు, మాట లేదు, ఈమధ్య మందు మొదలైంది. జీతం చేతికిస్తే "నీ డబ్బులు నీకాడే ఉంచు" అని కంచం విసిరేశారు. "ఆడదాని కూడు తింతన్నాడు నా కొడుకు" అని అత్తగారి ఏడుపు. నేను మానేస్తే ఆయన మామూలు మనిషవుతారా?

జవాబు: మానొద్దమ్మా. మీరు మానేసినంత మాత్రాన మిల్లు తెరుచుకోదు. ఇంట్లోకి వచ్చే ఆ ఒక్క జీతమూ ఆగిపోతుంది, అప్పు మొదలవుతుంది. ఆయన బాధ మీ ఉద్యోగంతో రాలేదు, ఆయన పని పోవడంతో వచ్చింది.

ఆ బాధను మాత్రం చిన్నచూపు చూడకండి. 1930 ప్రాంతంలో ఆస్ట్రియాలోని మారియెంతాల్ అనే ఊళ్లో బట్టల మిల్లు మూతబడి దాదాపు ఊరంతా పని లేకుండా అయిపోయింది. అక్కడికి వెళ్లిన పరిశోధకులు వీధిలో జనం నడకను గమనించారు. మగవాళ్లు నెమ్మదిగా, మాటిమాటికీ ఆగుతూ నడిచారు. ఆడవాళ్లు చకచకా వెళ్లిపోయారు. వాళ్లకూ జీతం పోయింది, కానీ పొయ్యి దగ్గర పని పోలేదు. మీ ఇంట్లోనూ అంతే. షిఫ్టు సైరన్, తోటివాళ్లు, పదిమందిలో పిలుపు, నెలాఖరు జీతం అన్నీ ఒక్కసారే పోయాయి ఆయనకు. పైగా మగవాడంటే తెచ్చి పెట్టేవాడేనని పుట్టినప్పటి నుంచీ నేర్పాం. మన దేశంలో ఆత్మహత్య చేసుకునే ప్రతి పదిమందిలో సుమారు ఏడుగురు మగవాళ్లే. వృత్తుల వారీగా చూస్తే ఆ లెక్కల్లో అందరికన్నా ముందున్నది రోజుకూలీలే. అందుకే నిద్ర లేకపోవడం, మౌనం, తాగుడు మూడూ కలిసి కనబడుతుంటే నాకు భయంగా ఉంది. "చచ్చిపోతాను", "నేను లేకపోతే మీకే మంచిది" లాంటి మాటలు వచ్చాయా? వస్తే ఒంటరిగా వదలకండి, పురుగుమందులాంటివి ఇంట్లో ఉంచకండి. రాకపోయినా ఈ వారమే జిల్లా ఆసుపత్రిలో మానసిక వైద్యుడికి చూపించండి. "పిచ్చి డాక్టరా?" అంటారు. నిద్ర కోసమని తీసుకెళ్లండి, అది అబద్ధమేం కాదు. మనసు బాధలకు ప్రభుత్వం పెట్టిన సహాయ నంబరు 14416కి ఎప్పుడు ఫోన్ చేసినా తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు.

ఇక మీ సంగతి. ఉత్తరమంతా ఆయన గురించే రాశారు, నాలుగింటికి లేవడం ఒక్క వాక్యంలో దాటేశారు. 2019లో ప్రభుత్వం చేసిన సర్వేలో ఇంటిపని చేసే ఆడవాళ్లు రోజుకు 299 నిమిషాలు, మగవాళ్లు 97 నిమిషాలు దానికి పెడుతున్నారని తేలింది. మీరు ఆ పని మోస్తూనే బయట షిఫ్టు చేస్తున్నారు. ఇలాగే సాగితే మీరూ మంచాన పడతారు. ఆయన బాధ నిజమే, కానీ కంచం విసరడానికి అది అనుమతి కాదు. చెయ్యి లేస్తే మహిళల సహాయ నంబరు 181కి ఫోన్ చెయ్యండి, సర్దుకుపోకండి.

సెలవు రోజున, ఆయన తాగి లేనప్పుడు, అత్తగారు లేకుండా కూర్చోండి. "మీరు ఖాళీగా ఉన్నారు కదా, చెయ్యండి" అనొద్దు. "నేను అలిసిపోతున్నాను, పొద్దుటి వంట, పిల్లల బడి మీరు చూసుకుంటే నేను నిలబడతాను" అనండి. జీతం ఆయన చేతిలో పెట్టడం మాని, నెల ఖర్చు ఇద్దరూ కలిసి రాయండి. తీసుకునేవాడు, ఇచ్చేది అన్న లెక్క అప్పుడే పోతుంది. అత్తగారికి జవాబు చెప్పాల్సింది ఆయన, మీరు కాదు.

మిల్లు బాకీ వచ్చిందా? ఐదేళ్లు దాటి చేసినవాళ్లకి గ్రాట్యుటీ, అంటే పని ముగిసినప్పుడు యాజమాన్యం ఇవ్వాల్సిన సొమ్ము, హక్కు, ఏడాదికి పదిహేను రోజుల జీతం చొప్పున. పద్దెనిమిదేళ్లకి అది చిన్న మొత్తం కాదు. పీఎఫ్ వేరే. కార్మిక శాఖ ఆఫీసు చుట్టూ తిరిగే పని, కాగితాలు పోగుచెయ్యడం, పాత తోటివాళ్లని కలుపుకోవడం ఆయనకే అప్పగించండి. అది ఆయన పద్దెనిమిదేళ్ల కష్టం, అడిగి తెచ్చుకోవాల్సింది ఆయనే.

మీ కూలి తేడా కూడా వదలకండి. ఒకే పనికి ఆడామగా ఒకే వేతనమని 1976లోనే చట్టం వచ్చింది. ఒక్కరే అడిగితే పని పోగొట్టుకుంటారు. లైనులో ఆడవాళ్లంతా సంతకాలు పెట్టి, వేతన చీటీల నకళ్లతో లేబర్ ఆఫీసరుకి ఇవ్వండి.