అక్షరాల తివాచీని కింద పరవచ్చా?

ప్రశ్న: మా అబ్బాయి ఆర్మేనియా రాజధాని యెరెవాన్‌లో మెడిసిన్ చదువుతున్నాడు. సెలవులకు వస్తూ చేత్తో నేసిన చిన్న ఉన్ని తివాచీ తెచ్చాడు. ఎర్రటి నేత మీద పిట్టల ఆకారంలో వాళ్ల అక్షరాలున్నాయి. మా అమ్మాయి లెక్కపెడితే 36. సోఫా ముందు పరుద్దామంటే మా అత్తయ్య "అక్షరాల్ని తొక్కుతారా?" అంటున్నారు. నాకేమో వానాకాలంలో పురుగు పడుతుందని టెన్షన్. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: అత్తయ్యగారి మాటే నా మాటా అమ్మా. గోడకే వేయండి.

ఆ లిపిని క్రీ.శ. 405లో మెస్రోప్ మష్తోత్స్ అనే క్రైస్తవ సన్యాసి కూర్చారు. అప్పుడు చేసినవి సరిగ్గా 36. ఇప్పుడు వాళ్ల పిల్లలు 39 నేర్చుకుంటారు. మీ తివాచీ నేసినవారు పాత వరసనే పట్టుకున్నారన్నమాట. మొదటి అక్షరంతో వాళ్ల భాషలో దేవుడనే మాట, 36వ దానితో క్రీస్తు పేరు మొదలవుతాయి. బియ్యంలో 'ఓం నమః శివాయ' దిద్దించే మనకు వేరే చెప్పాలా! పిట్టల రూపం వాళ్ల పాత చేతిరాత గ్రంథాల్లోది. అన్నట్టు, ప్రపంచంలోనే తొలి ఆర్మేనియన్ పత్రిక 'అజ్దరార్' 1794లో అచ్చయింది మన మద్రాసులోనే.

మా మేనమామ ఏలూరులో తివాచీలు నేసేవారు. వేసవి సెలవుల్లో పక్కనే కూర్చుని చూసేదాన్ని. నిలువు దారాలకు ఉన్ని ముడి వేయడం, కత్తితో తెంచడం, మళ్లీ ముడి. ముడులతో వంపు తిప్పాలంటే మెట్లు మెట్లుగా ఎక్కించాలి. ఒక్క పువ్వు రేకకే పూటంతా పట్టేది. పువ్వులో ఒక ముడి తప్పినా సర్దుకుపోతుంది, అక్షరంలో తప్పితే చదివేవాళ్లకు వెంటనే తెలిసిపోతుంది. అలాంటివి 36! ఆ చేతుల్ని తలుచుకుంటే దాని మీద కాలు పెట్టబుద్ధి కాదు.

మేకులు మాత్రం కొట్టకండి. వెనక పైఅంచుకు నూలు గుడ్డ గొట్టంలా కుట్టించి, అందులో కర్ర దూర్చి వేలాడదీయండి. వాన కొట్టే గోడ, బాత్‌రూమ్ గోడ వద్దు. ఉన్నిని తినేది చిమ్మట పిల్లపురుగు. దానికి చీకటి, కదలిక లేని చోటు కావాలి. అందుకే నెలకోసారి దించి, రెండు వైపులా మెత్తటి బ్రష్‌తో దులపండి. ఎండలో అరగంట చాలు, అంతకు మించితే ఆ ఎరుపు వెలిసిపోతుంది. మరక పడితే ముందు వెనక మూల తడి తెల్లగుడ్డ అద్ది చూడండి. గుడ్డకు రంగు అంటితే ఇంట్లో ఉతకొద్దు. ఊరెళ్లేటప్పుడు మడత పెట్టకుండా నూలు దుప్పటితో కలిపి చుట్టండి.