కర్నూలులో రోడ్లు వెడల్పు చేస్తే ట్రాఫిక్ తగ్గుతుందా?

కొన్నాళ్లు తగ్గినట్టు అనిపిస్తుంది, అంతే. ఖాళీ కనబడగానే బండ్లు పెరుగుతాయి, పైగా పెరిగిన జాగాలో సగం పార్కింగ్‌కీ తోపుడు బండ్లకీ పోతుంది, రాజ్‌విహార్ నుంచి కొండారెడ్డి బురుజు దాకా ఒకసారి నడిచి చూడండి (మధ్యాహ్నం ఎండలో మాత్రం వద్దు). నా లెక్కలో ముందు కావాల్సింది ఫుట్‌పాత్. రోడ్లకు ప్రమాణాలు తయారుచేసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2012 మార్గదర్శకాల ప్రకారం అడ్డంకుల్లేకుండా కనీసం 1.8 మీటర్ల వెడల్పు ఉండాలి, ఎత్తు 15 సెంటీమీటర్లు మించకూడదు. ఎత్తు ఎక్కువైతే పెద్దవాళ్లు ఎక్కలేక రోడ్డు మీదే నడుస్తారు. తర్వాత బస్సులు. యాభై మంది ఒక బస్సెక్కితే రోడ్డు మీద పాతిక ముప్పై బైకులు తగ్గినట్టే. 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ లాంటి బస్సుల్లో ఆడవాళ్లకు ఛార్జీ లేదు, కానీ బస్సు ఎప్పుడొస్తుందో తెలియకపోతే ఫ్రీ అయినా ఆటోనే ఎక్కుతారు కదా.